చిట్టి పసులకాపరి



ముప్పై రెండేళ్ళు పల్లెబడుల్లో పాఠాలు చెప్పాను. అందులో మొదటి తొమ్మిదేళ్ళు ఏకోపాధ్యాయ పాఠశాలలో. నల్లమల అంచున, బస్సు దిగి మూడు మైళ్ళు నడిస్తే వచ్చే ఊరు అది. ఒకటే గది. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలంతా అందులోనే. తాళం తీసేది నేను, గంట కొట్టేది నేను, హాజరుపట్టీ రాసేది నేను, వానాకాలంలో కప్పు కారేచోట బొచ్చె పెట్టేదీ నేనే. అందుకేనేమో, ఏ దేశంలోనైనా సరే, ఒంటిగది బడి మాట వినబడితే నా మనసు అటు లాగుతుంది.

ఈవేళ నేను తలచుకుంటున్న మనిషి అలాంటి బడులను నలభై ఏళ్ళకు పైగా నడిపారు. నడిపింది అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో. వారంలో ఐదు రోజులు బడి. మిగిలిన రెండు రోజులు, వేసవి సెలవులు అన్నీ పశువులకు. ఆవిడ పేరు యూలేలియా బోర్న్. దగ్గరివాళ్ళు సిస్టర్ బోర్న్ అనేవారు. సన్యాసిని కాదు, ఆ సిస్టర్ అన్నది ముద్దుపేరు. మన ఊళ్ళో ఒకావిడను ఊరంతా అక్కయ్య అని పిలిచినట్టు.

శుక్రవారం సాయంత్రం బడి వదలగానే ఆవిడ బండెక్కేవారు. బడి ఉన్నది టూసాన్ నగరానికి నైరుతిన, మెక్సికో సరిహద్దు వైపు. ఆవిడ భూమి ఉన్నది నగరానికి ఉత్తరాన, శాంటా కాటలీనా కొండల పక్కన. మధ్యలో మట్టిరోడ్లు, వాగులు. వాన పడితే ఎండువాగు ఒక్కసారిగా పొంగి దారి కోసేసే దేశం అది. అంత దూరం ఒంటరిగా పోయి, శనివారం పొద్దున్నే గుర్రమెక్కి కంచె చూసుకుని, తొట్లలో నీళ్ళు చూసుకుని, చూడి ఆవు ఎక్కడ పడుకుందో వెతుక్కుని, మళ్ళీ సోమవారం పొద్దున పిల్లల ముందు నిలబడేవారు. ఇలా ఒక వారం కాదు, ఏళ్ళ తరబడి.

రాంచ్ అంటే మనం సినిమాల్లో చూసేది వేరు. టోపీ, తుపాకీ, గుర్రం, అంతే కనిపిస్తాయి. అసలు రాంచ్ అంటే పశువులను బీడులో వదిలి మేపుకునే క్షేత్రం. మన దగ్గర పాడి ఇంటి వెనక కొట్టంలో ఉంటుంది. పొద్దున సాయంత్రం దాని మీద చెయ్యి పడుతుంది. అక్కడ ఆవులు కొండల్లో ఎక్కడో తిరుగుతుంటాయి. ఏడాదికి రెండుమార్లు వాటిని తోలుకొచ్చి, దూడలకు కాల్చిన ఇనుముతో ముద్ర వేసి, అమ్మేవాటిని వేరుచేస్తారు. ఆ కాలంలో అరిజోనాలో ఎక్కువగా హెర్‌ఫర్డ్ జాతి, ఎర్రటి ఒళ్ళు, తెల్లటి మొహం. ఎండదేశానికి అవి అంతగా నప్పవు. దక్షిణాదిన టెక్సాస్ వాళ్ళు మన దేశం నుంచి మూపురం ఉన్న పశువులను తెప్పించుకున్నారు, 1906లో ఒక పెద్ద రాంచ్ వాళ్ళే ఓడలో దింపుకున్నారు. అలా వెళ్ళిన రకరకాల జాతుల కలయికతోనే అక్కడ బ్రాహ్మన్ అనే జాతి తయారైంది. అందులో మన ఒంగోలు జాతి రక్తం కూడా ఉంది. వాళ్ళు దాన్ని నెల్లూరు అంటారు. ఎండకూ, పిడుదులకూ ఓర్చుకోవడం అందులోనుంచి వచ్చిన గుణమే. ఇది చెప్పకుండా పోలేకపోయాను, మాది ప్రకాశం జిల్లా.

బోర్న్ గారు 1890లలో టెక్సాస్‌లో పుట్టారు. పిల్లగా ఉండగానే కుటుంబం పడమటికి వలస వచ్చింది. చిన్న వయసులో పెళ్ళయింది, అది నిలవలేదు. అరిజోనా అప్పటికి కొత్త రాష్ట్రం. 1912 ఫిబ్రవరి 14న ఏర్పడింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళలోనే ఆవిడ పంతులమ్మ అయ్యారు. మధ్యమధ్య చదువు సాగిస్తూ 1930లో అరిజోనా విశ్వవిద్యాలయం పట్టా తీసుకున్నారు. అప్పటికి నలభైకి దగ్గర పడుతున్న వయసు. నాతో పనిచేసిన టీచరమ్మలు కొందరు పిల్లల పెళ్ళిళ్ళు చేశాక బి.ఎడ్. కట్టారు. ఆ కష్టం ఎలాంటిదో నేను దగ్గరుండి చూశాను.

ఇక భూమి సంగతి. అమెరికా ప్రభుత్వం 1862లో ఒక చట్టం చేసింది. ఖాళీ భూమిలో కాపురం పెట్టి, సాగు చేసి చూపిస్తే 160 ఎకరాలు సొంతం. మెట్ట పడమటికి అది చాలదని 1916లో పశువుల పెంపకానికి 640 ఎకరాల దాకా ఇచ్చే చట్టం తెచ్చారు. వినడానికి 640 ఎకరాలంటే జమీందారీలా ఉంటుంది. గడ్డి పలచగా మొలిచే ఆ నేలలో ఒక్క ఆవు బతకాలంటే ఎన్నో ఎకరాలు కావాలి. జాన్ వెస్లీ పవెల్ అనే భూశాస్త్రవేత్త ఆ ప్రాంతాలన్నీ తిరిగి, ఒక కుటుంబం పశువుల మీద బతకాలంటే 2,560 ఎకరాలు కావాలని 1878లోనే నివేదిక రాశాడు. ఆ లెక్క తెలిస్తే బోర్న్ గారి జీవితం అర్థమవుతుంది. ఆవిడ కూడా అలా ప్రభుత్వ భూమి తీసుకుని, ఒంటి ఆడమనిషిగా దాంట్లో నిలబడ్డారు. ఆ మంద ఆవిడను పోషించలేదు. ఆవిడ బడి జీతమే మందను పోషించింది. 1930లలో ఆర్థికమాంద్యం, దానికి తోడు కరువు. 1934లో మేత లేక చచ్చిపోతున్న పశువులను ప్రభుత్వమే కొనాల్సి వచ్చిన కాలం. ఆ కాలంలోనూ ఆవిడ మందను వదులుకోలేదు, బడినీ వదులుకోలేదు.

రెడింగ్టన్, బబోకీవరి, పోసో నువేవో, సాస్కో, సొపోరి. ఇవి ఆవిడ పాఠాలు చెప్పిన బడులు, అన్నీ కాదు, కొన్ని. బబోకీవరి ఒక కొండ పేరు. ఏడువేల అడుగులు దాటిన రాతి శిఖరం. తొహోనో ఓధమ్ ఆదివాసులకు అది దేవుడుండే కొండ. ఆ కొండ కనబడే మైదానంలో అక్కడొక రాంచ్, ఇక్కడొక రాంచ్. పిల్లలు గుర్రాల మీద, గాడిదల మీద బడికొచ్చేవాళ్ళు. బడి దగ్గర వాటిని కట్టేసి, సాయంత్రం మళ్ళీ ఎక్కి పోవడమే. అమెరికాలో 1930 నాటికి ఇలాంటి ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షా నలభై వేలకు పైగా ఉండేవి. పైన జిల్లా స్థాయిలో ఒక అధికారి. ఊళ్ళో ముగ్గురు ధర్మకర్తలు, చాలాచోట్ల రాంచ్ సొంతదారులే. పంతులమ్మను పెట్టుకునేది వాళ్ళు, తీసేసేది వాళ్ళు. పిల్లల సంఖ్య తగ్గితే బడి మూత. ఏదైనా రాంచ్‌లో పని అయిపోయి రెండు కుటుంబాలు తరలిపోతే చాలు, పంతులమ్మ పెట్టె సర్దుకోవలసిందే. ఈ భయం నాకు తెలుసు. మా ఊళ్ళో గుంటూరు మిరప కోతలకు వలస మొదలైందంటే హాజరుపట్టీ తెరవాలంటే నా గుండె జారేది.

ఆవిడ పిల్లల్లో చాలామంది ఇళ్ళలో మాట్లాడేది స్పానిష్. తండ్రులు రాంచ్‌లలో పశువుల కాపరులు. మనం వీళ్ళను మెక్సికో నుంచి వచ్చినవాళ్ళనుకుంటాం. అసలు సంగతి, ఆ నేలే ఒకప్పుడు మెక్సికోది. 1853లో కుదిరిన ఒప్పందంతో దక్షిణ అరిజోనాను అమెరికా కొనుక్కుంది. అంటే ఆ ప్రాంతంలో స్పానిష్ మాట ఇంగ్లీషు కంటే పాతది. కానీ కొత్త రాష్ట్రం తన రాజ్యాంగంలోనే ప్రభుత్వ బడులు ఎప్పటికీ ఇంగ్లీషులోనే నడవాలని రాసుకుంది. టూసాన్ నగరంలో 1919 నుంచి స్పానిష్ పిల్లలను ఒకటో తరగతిలోకి కూడా రానివ్వకుండా, దానికి ముందు ఇంకో తరగతి పెట్టి కూర్చోబెట్టారు. ఇంగ్లీషు వచ్చేదాకా అక్కడే. ఆ పద్ధతి 1965 దాకా నడిచింది. ఆరేళ్ళ పిల్లవాడు నోరు తెరిస్తే తప్పు. ఏడాదంతా నోరు మూసుకుని కూర్చున్న పిల్లవాడిని మందబుద్ధి అన్నారు.

బోర్న్ గారు ఏం చేశారంటే, తానే స్పానిష్ నేర్చుకున్నారు. పిల్లలు చెప్పేది తనకు అర్థం కాకపోతే పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు కదా. ఇంగ్లీషు నేర్పకుండా వదలలేదు, గట్టిగానే నేర్పారు. దానికోసం పిల్లవాడి నోటిలో ఉన్న మాటను మాత్రం లాగెయ్యలేదు. ఇది వింటే నాకు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొచ్చారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, కొండల మీది సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలోనే పుస్తకాలు రాసి బడులు పెట్టించారాయన. రామమూర్తి గారు 1940 జనవరిలో కన్నుమూశారు. ఆ నెలలోనే ఎక్కడో అరిజోనా ఎడారిలో బోర్న్ గారు స్పానిష్‌లో పిల్లలను పలకరిస్తూ ఉండి ఉంటారు. ఒకరి పేరు ఒకరికి తెలిసే దారి లేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. 1932లో రెడింగ్టన్ బడిలో ఆవిడ పిల్లలతో ఒక పత్రిక మొదలుపెట్టించారు. దాని పేరు లిటిల్ కౌపంచర్. మన మాటలో చెప్పాలంటే చిట్టి పసులకాపరి. బడి మారినప్పుడల్లా పత్రిక ఆవిడ వెంట వెళ్ళింది. 1943 దాకా, అంటే పదకొండేళ్ళు నడిచింది. రాసేది పిల్లలు, బొమ్మలు వేసేది పిల్లలు. అచ్చు అంటే సైక్లోస్టైల్.

నా వయసు శ్రోతలకు సైక్లోస్టైల్ గుర్తుండే ఉంటుంది. మైనం పూసిన పల్చటి స్టెన్సిల్ కాగితం. టైపు మిషన్‌లో రిబ్బను పక్కకు తప్పించి కొడితే అక్షరం మైనాన్ని కోస్తుంది. బొమ్మ కావాలంటే సూదిమొన లాంటి కలంతో గీయాలి. కాస్త గట్టిగా నొక్కితే చిరుగుతుంది, తేలిగ్గా నొక్కితే అచ్చులో పడదు. తప్పు పోతే గోళ్ళరంగు లాంటి ఎర్రటి ద్రావకం రాసి, ఊది, ఆరాక మళ్ళీ కొట్టాలి. ఆ స్టెన్సిల్‌ను పీపాకు చుట్టి, సిరా పూసి, పిడి తిప్పితే ఒక్కొక్క కాగితం జారిపడుతుంది. మా మండల కేంద్రంలో త్రైమాసిక పరీక్షల ప్రశ్నపత్రాలు అలాగే తీసేవాళ్ళం. ఇంటికెళ్ళి ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నలుపు రెండు రోజులు పోయేది కాదు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఆ యంత్రంతో ప్రశ్నలు తప్ప ఇంకేదైనా అచ్చు వెయ్యొచ్చని నాకు ఒక్కరోజు కూడా తోచలేదు.

లిటిల్ కౌపంచర్‌లో ఏముండేది? నిన్న ఎవరి ఇంటికి ఎవరొచ్చారు. వాన ఎంత పడింది. ఎవరి గుర్రం ఈనింది, పిల్లకు ఏం పేరు పెట్టారు. పశువులను తోలుకొచ్చిన రోజు నాన్న ఏం చేశాడు, తనకు ఏ పని అప్పజెప్పాడు. క్రిస్మస్ నాటకంలో ఎవరు ఏ వేషం. ఎవరికి జబ్బు చేసింది. పెద్దవాళ్ళ పత్రికలో ఒక్కటీ చోటు దొరకని వార్తలు. ప్రతి ముక్క కింద రాసిన పిల్లవాడి పేరు, తరగతి. వాక్యాలు పిల్లలవే. అప్పుడే ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు కదా, స్పానిష్ నడక అక్కడక్కడా కనబడుతూనే ఉంటుంది. దాన్ని ఆవిడ చెరిపెయ్యలేదు. కాగితాలు ఇళ్ళకు వెళ్ళేవి, పక్క రాంచ్‌లకు వెళ్ళేవి. తన పేరు అచ్చులో చూసుకున్న పిల్లవాడు దాన్ని అమ్మకు చదివి వినిపించి, అర్థం స్పానిష్‌లో చెప్పేవాడు. ఆ ఇంట్లో చదువు అలా అడుగుపెట్టింది.

ఇది ఆవిడకు ఎలా తోచింది అని చాలా ఆలోచించాను. శిక్షణ కళాశాలలో నేర్పే సంగతి కాదిది. నాకు తోచేది ఒక్కటే. ఆవిడ చేతికీ పేడ అంటింది. దూడకు ముద్ర వేయడంలో ఎంత పనితనం ఉందో, తొలిచూలు పెయ్య ఈనేటప్పుడు ఎప్పుడు చెయ్యి వెయ్యాలో, ఎప్పుడు దూరంగా నిలబడాలో ఆవిడకు తెలుసు. కాబట్టి పదేళ్ళ పిల్లవాడు అవి చెబుతుంటే వాడికి ఎంత తెలుసో ఆవిడ కొలవగలిగారు. మాలాంటి వాళ్ళం పుస్తకంతో కొలిచాం.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. వరసగా మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు ఒక సొంబుతో వచ్చాడు, మూతికి బాదం ఆకు కట్టి ఉంది. "సార్, మా బర్రె ఈనింది. జున్నుపాలు మా అమ్మ ఇచ్చిరమ్మంది" అన్నాడు. ఎందుకు రాలేదురా అంటే చెప్పడం మొదలుపెట్టాడు. దూడ అడ్డం తిరిగిందట. వెనక కాళ్ళు ముందొచ్చాయట. వాళ్ళ తాత చేతికి ఆముదం రాసుకుని లోపలికి పెడితే, వీడు లాంతరు పట్టుకున్నాడట. తాత చెయ్యి పెద్దదై పట్టు దొరకక, నీ చెయ్యి చిన్నదిరా నువ్వు పెట్టు అన్నాడట. వీడు కళ్ళు మూసుకుని గిట్ట ఎటుందో మడమ ఎటుందో తడిమి చెప్పాడట. చెబుతూ చెబుతూ గాలిలో చెయ్యి తిప్పి చూపించాడు. తరగతి మొత్తం ఊపిరి బిగబట్టి వింది.

ఆ మధ్యాహ్నం వ్యాసం రాయించాను. విషయం ఆవు. ఆవు సాధుజంతువు, దానికి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక. ఈ వాక్యాలు రాని తెలుగు పిల్లవాడు లేడు. వాడు మూడు పంక్తులు రాసి ఆగిపోయాడు. సాధుజంతువులో ధకు వత్తు పోయింది. పదికి రెండు వేశాను. పొద్దున చెప్పిందే రాయరా అని అనవలసిన మాట నా నోటికి రాలేదు. ఏడో తరగతి దాటకుండానే వాడు బడి మానేశాడు.

బోర్న్ గారు ఉద్యోగం నుంచి దిగాక మామత్ అనే ఊరి దగ్గర, శాన్ పెద్రో నది లోయలో, జి.ఎఫ్. బార్ అనే తన రాంచ్‌లోనే ఉండిపోయారు. డెబ్బై దాటాక పుస్తకాలు రాయడం మొదలుపెట్టారు. 1967లో ఉమన్ ఇన్ లీవైస్ వచ్చింది. లీవైస్ అంటే పశువుల కాపరులు తొడుక్కునే ముతక నీలి ప్యాంటు. ఆ కాలంలో ఆడమనిషి అది తొడుక్కుని తిరగడమే ఒక కథ. మరుసటి ఏడాది బబోకీవరి బడిలో గడిపిన ఒక ఏడాది గురించి ఇంకో పుస్తకం. 1974లో రాంచ్ స్కూల్‌టీచర్. అరిజోనా విశ్వవిద్యాలయ ముద్రణాలయమే అచ్చు వేసింది. పుస్తకాల్లో ఆవులకూ పిల్లలకూ ఆవిడ దాదాపు ఒకే ఓపికతో చోటిచ్చారు. 1984లో పోయారు, తొంభై దాటిన వయసులో. అప్పటికి ఆ ఒంటిగది బడులు చాలావరకు మూతపడ్డాయి. బస్సులు వచ్చి పిల్లలను పెద్ద ఊళ్ళకు తీసుకెళ్ళడం మొదలైంది. లిటిల్ కౌపంచర్ సంచికలను అరిజోనా విశ్వవిద్యాలయం భద్రపరిచింది. పేదకాపరుల పిల్లలు ఎనభై తొంభై ఏళ్ళ కిందట వానను గురించి, గుర్రాలను గురించి రాసుకున్న మాటలు ఈరోజు చరిత్ర చదువుకునేవాళ్ళకు ఆధారాలు. ఆ కుటుంబాల బతుకు గురించి వాళ్ళ నోటితోనే చెప్పే కాగితాలు ఇంకెక్కడున్నాయి?

పోయిన సంక్రాంతికి నేను ఆ నల్లమల అంచు ఊరికి వెళ్ళాను. బడికి ఇప్పుడు రెండు గదులున్నాయి, ప్రహరీ గోడ ఉంది. ఆ పిల్లవాడికి యాభై దగ్గర పడింది. పదహారు బర్రెలు, ఒక పాలకేంద్రం. చుట్టుపక్కల ఏ ఊళ్ళో దూడ అడ్డం తిరిగినా పశువుల డాక్టరు వచ్చేలోపు ఇతనికే కబురు వస్తుంది. కొట్టం పక్కన నులకమంచం వేసి కూర్చోబెట్టాడు. నాలుగో తరగతిలో చెప్పిన సంగతి మళ్ళీ చెప్పమన్నాను. "ఇప్పుడెందుకు సార్" అని నవ్వాడు. రాసుకుంటాను అన్నాను. సంచిలోంచి నోటుపుస్తకం, కలం తీశాను. కాసేపు నేల వైపు చూస్తూ ఉండిపోయి, అప్పుడు మొదలుపెట్టాడు. అతను చెప్పింది చెప్పినట్టే రాశాను, ఒక్క అక్షరం దిద్దలేదు. మొదటి వాక్యం ఇది.

"ఆ రేత్రి మా బర్రె నా వైపే చూస్తా ఉంది సార్, మా తాత వైపు చూడల్యా."